మెడలో మీటలు

ఒకచోట కుదురుగా కూర్చోలేని మనుషుల్ని నేను దూరం నుంచే పోల్చుకుంటాను. బస్టాండులో బెంచీ ఖాళీగా ఉన్నా స్తంభానికి ఆనుకుని నిలబడతారు. టీ గ్లాసు చేతికి రాగానే కొట్టు ముందు పచార్లు మొదలుపెడతారు. పెళ్ళిళ్ళలో వడ్డన నెత్తిన వేసుకుంటారు గాని పంక్తిలో కూర్చోరు. మా జాతివాళ్ళే కనుక గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఉయ్యూరు శాలినిని అలాగే గుర్తుపట్టాను, గవర్నర్‌పేటలో, రఫీ వాయిద్యాల కొట్టులో.

ఎండలు ముదురుతున్న రోజులు. నేను రాజమండ్రి నుంచి ఒంగోలు వెళ్ళవలసినవాణ్ణి, బెజవాడలో దిగిపోయాను. ఎందుకు దిగావంటే చెప్పలేను. రైలు ఆగింది, నా కాళ్ళు ఆగలేదు. రఫీ కొట్టు మీదున్న లాడ్జిలో గది తీసుకున్నాను. అక్కడి ఫ్యాను చప్పుడు చేస్తుంది గాని గాలి ఇవ్వదు. అందుకని పగలంతా కిందికి దిగి కొట్టు గుమ్మంలో నిలబడేవాణ్ణి. రఫీ హార్మోనియాలకు తిత్తులు మారుస్తూ, తబలాలకు వార్లు బిగిస్తూ, నేను ఎప్పుడెప్పుడు ఎక్కడెక్కడ తిరిగానో చెబితే వింటూ, నమ్మనివాటికి కూడా తలూపేవాడు.

ఆ రోజు శాలిని భర్తతో కలిసి వచ్చింది. నలభై అయిదు దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంది. ఆమె భుజాన ఒక వింత వస్తువు వేలాడుతోంది. గిటారు లాగా పట్టీ ఉంది, గిటారు లాగా మెడ కూడా ఉంది. తీగలుండాల్సిన చోట మాత్రం హార్మోనియం మీటలున్నాయి, నల్లవీ తెల్లవీ.

"ఇదేమిటి రఫీ, గిటారుకీ హార్మోనియానికీ పుట్టిందా?" అన్నాను.

"కీటార్ అంటారు సార్. ఆర్కెస్ట్రా కుర్రాడొకడు ఊరు మారతా ఇక్కడ వదిలేసి పోయాడు."

శాలిని మీటలు నొక్కింది. చడీ చప్పుడూ లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"ఇది చచ్చిపోయిందయ్యా రఫీ," అంది.

"చావలేదక్కా. దానికి నోరు లేదంతే. నోరు అక్కడుంది." రఫీ కొట్టు చివర బల్ల మీదున్న మామూలు కీబోర్డు చూపించాడు. దాని వెనక గోలీకాయంత రిసీవరు గుచ్చి స్విచ్చి వేశాడు. "ఇప్పుడు నొక్కండి."

ఈసారి కొట్టు చివర నుంచి స్వరం లేచింది. వేళ్ళు ఇక్కడ, పాట అక్కడ. ఆ వస్తువులో సంగీతమేమీ ఉండదట. ఏ మీట నొక్కారో, ఎంత బలంగా నొక్కారో, ఎప్పుడు వదిలారో, ఆ కబురు మాత్రం తీగ లేకుండా గాలిలో పంపుతుంది. వినిపించే పని ఆ మూలనున్న పెట్టెది.

శాలిని ఒక చరణం వాయించింది. వాయిస్తూనే గుమ్మం దాటింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి ఫుట్‌పాత్ మీదికి నడిచింది. కొట్టు లోపల ఎవరూ ముట్టుకోని కీబోర్డు తనంతట తాను పాడుతోంటే బయట వెళ్ళేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. ఆవిడ మటుకు ఆటోలను తప్పించుకుంటూ, సిటీ బస్సు హారన్ కొట్టినా పట్టించుకోకుండా, కొబ్బరి బోండాల బండి దాకా వెళ్ళింది. అక్కడ పాట తెగిపోయింది. ఒకడుగు వెనక్కి వేస్తే మళ్ళీ అందుకుంది.

లోపల కీబోర్డు దగ్గర నిలబడిన భర్త జయపాల్ నా వంక తిరిగి అన్నాడు: "చూశారా మాస్టారూ? పెళ్ళయిన ఇన్నేళ్ళకి మా ఆవిడకి పారిపోడానికి దారి దొరికింది."

"ఎక్కడికండీ, బోండాల బండి దాకానే గదా."

"అదే సార్, ఇన్నాళ్ళూ అంతవరకు కూడా పోలేదు."

ఆ మాటలో ఎంత నిజముందో ఆ తర్వాత తెలిసింది.

శాలిని తండ్రి పుల్లయ్య హార్మోనియం వాయించేవాడు. సువార్త చెప్పేవాళ్ళతో కలిసి ఊళ్ళు తిరిగేవాడు. హార్మోనియానికి రెండు పక్కలా తాడు కట్టి మెడకు తగిలించుకుని, ఎడంచేత్తో తిత్తి కొడుతూ, కుడిచేత్తో వాయిస్తూ, పుల్లేరు కాలవ గట్టు మీద నడిచేవాడు. చిన్నపిల్ల శాలిని ఆయన వెనక పరుగెత్తేది. ఆమెకు పాటంటే కదిలిపోయే వస్తువు. ముందు వెళుతుంది, వెనక మనం పోవాలి.

హార్మోనియం గురించి చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అది యూరప్‌లో పుట్టినప్పుడు దానికి కాళ్ళుండేవి, తిత్తిని పాదాలతో తొక్కేవారు. కలకత్తాలో మనవాళ్ళు దాని కాళ్ళు తీసేసి నేల మీద కూర్చోబెట్టారు. ఇంకా వెనక్కి, ఆరేడు వందల ఏళ్ళు వెళితే, అదే యూరప్‌లో మెడకు పట్టీతో వేలాడే చిన్న ఆర్గన్ ఉండేది. ఒక చెయ్యి తిత్తికి, ఒక చెయ్యి మీటలకి. అంటే మీటలు మొదట మనిషితో నడిచాయి, తర్వాత బరువెక్కి కూలబడ్డాయి, వాటితో పాటు మనిషినీ కూలేశాయి. నడిచే వాయిద్యాలను కుర్చీల్లో కూర్చోబెట్టినవాళ్ళ మీద నాకెప్పుడూ కొంచెం కోపమే. సరే, నా కోపానికేంగాని, శాలిని సంగతికి వస్తాను.

తండ్రి పోయాక ఇంటికి కీబోర్డు వచ్చింది. దాన్ని మెడకు తగిలించుకోవడం కుదరదు కదా. స్టాండు మీద పెట్టాలి, వైరు గోడకు పోవాలి, వాయించే మనిషి కుర్చీలో ఉండాలి. అప్పటినుంచి శాలిని కుర్చీలోనే ఉంది. ఆదివారం ఆరాధనలో వేదికకు ఎడమ మూల. పెళ్ళి కచేరీల్లో గాయకుల వెనక. ఒకసారి చల్లపల్లిలో కచేరీ మధ్య ఊపులో లేచి నిలబడి వాయించిందట. "కూర్చోమ్మా, పాడే అమ్మాయి కనపడట్లా!" అని వెనక వరసల వాళ్ళు కేకలేశారు. కూర్చుంది. ఇంట్లో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంటుంది. పిల్లలు ఆమె వంక చూడ్డానికి మెడలు తిప్పీ తిప్పీ మీటలు తప్పు నొక్కుతారు.

ఇక దానమ్మ గురించి చెప్పాలి. ఆవిడ లేకపోతే ఈ కథే లేదు.

వాళ్ళ చర్చిలో పాట ఎత్తుకునేది దానమ్మే. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం ఇనపరేకు. పాస్టరు గారి ప్రార్థన ఆమేన్‌కు వచ్చేసరికి ఆవిడ మొదలుపెట్టేస్తుంది. ఏ పాటో చెప్పదు, శృతి అడగదు. ఆవిడకు శృతి ఇవ్వబోవడం ఆ చర్చిలో మర్యాద కాదు. ఆ ఉదయం నిద్ర సరిగా పట్టిందా, కోడలి మీద కోపంగా ఉందా, అన్నదాన్నిబట్టి శృతి ఒకరోజు పైన ఉంటుంది, ఒకరోజు కింద. చరణం చరణానికీ కాస్త పెరుగుతుంది కూడా. వాయిద్యమే వెతుక్కుంటూ వెళ్ళి మొదటి పాదం ముగిసేలోపు ఆవిణ్ణి పట్టుకోవాలి. బయటి ఊరి నుంచి వచ్చిన ఆర్కెస్ట్రా వాళ్ళు ఎంతమంది అక్కడ తెల్లమొహాలు వేశారో లెక్కలేదు.

కీబోర్డులో దీనికొక ఉపాయం ఉంది, ట్రాన్స్‌పోజ్ బటన్. వేళ్ళు ఉన్నచోటే ఉంటాయి. బటన్ ఒకసారి నొక్కితే మొత్తం శృతి అరస్వరం పైకి జరుగుతుంది, ఇంకోటి నొక్కితే కిందికి. శాలినికి రెండు చేతులూ మీటల మీద ఉంటాయి కాబట్టి ఆ బటన్ పక్కన కూర్చున్న జయపాల్ నొక్కుతాడు. పంచదార ఫ్యాక్టరీలో చెరుకు బళ్ళ తూకం దగ్గర ఉద్యోగం అతనిది. వాయించడం రాదు, పాడటం అంతకంటే రాదు, కాని చెవి ఉంది. దానమ్మ నోరు తెరవగానే అతని చూపుడువేలు బటన్ మీదికి పోతుంది. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఏర్పాటు అది. ఈ మధ్య ఇద్దరూ దాని గురించి అనుకోవడం కూడా మానేశారు. భోజనం దగ్గర అడక్కుండానే మంచినీళ్ళు అందించినట్టు జరిగిపోతుంది.

ఇంతకీ చిక్కు వచ్చింది మట్టల ఆదివారంతో. ఈస్టరుకు ముందు ఆదివారం చర్చి అంతా ఈత మట్టలు పట్టుకుని, హోసన్న పాటలు పాడుకుంటూ ఊరంతా తిరిగి వస్తారు. కీబోర్డును ట్రాలీ ఆటోలో ఎక్కించి, శాలిని ప్లాస్టిక్ కుర్చీని తాడుతో ఆటోకు కట్టేసేవారు. దానమ్మ ఆడవాళ్ళతో ముందు నడుస్తుంది, ఆటో వెనక వస్తుంది. ఇంజను చప్పుడులో దానమ్మ గొంతు ఆటోలోకి సన్నగా అందుతుంది గాని పాడేది ఏ చరణమో తెలియదు. నిరుడు ముందువాళ్ళు మూడో చరణంలోకి వెళ్ళిపోతే వెనకవాళ్ళు రెండో చరణం పాడుతున్నారు. బస్టాండు దగ్గర రెండు పాటలు గుద్దుకున్నాయి. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు పైటలూ కండువాలూ అడ్డం పెట్టుకుని నవ్వారు.

చర్చి కమిటీ సెక్రటరీ సిద్ధార్థ బ్యాంకులో పనిచేస్తాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. ఈ ఏడాది ముందే వచ్చి శాలినితో చెప్పాడు.

"ఆంటీ, మీరంటే నాకు గౌరవమే. కానీ నిరుడు పరువు పోయింది. ఈసారి కూడా పాట తెగిపోతే ఈస్టరు నుంచి ట్రాక్సే పెట్టేద్దామని కమిటీలో అనుకున్నారు."

ట్రాక్స్ అంటే ముందే రికార్డు చేసిన వాయిద్యాలు. పెన్‌డ్రైవ్‌లో వస్తాయి. స్పీకరుకు గుచ్చితే చాలు, మనిషి అక్కర్లేదు.

"ఊరేగింపులోనేనా?" అంది శాలిని.

"ఆరాధనలో కూడా ఆంటీ. మళ్ళీ రెండు రకాలెందుకు అన్నారు."

"దానమ్మత్త ట్రాక్ ప్రకారం పాడుద్దంటావా?"

"పాడాలి మరి," అన్నాడు సిద్ధార్థ, తను కూడా నమ్మనట్టుగా.

ఆ మూలనున్న కుర్చీ అంటే శాలినికి ఎన్నడూ ఇష్టం లేదు. కానీ ఆ కుర్చీ పోతే చర్చిలో వాయించడమే పోతుంది. ఆమెకు వేరే వేదిక కూడా పెద్దగా మిగల్లేదు. పెళ్ళి కచేరీలను ఎప్పుడో డీజేలు తినేశారు. అందుకే రఫీకి ఫోన్ చేసింది: "కూర్చోకుండా వాయించేది ఏదన్నా ఉందా?" అని. రఫీ ఆ కీటార్‌ను ఆమె చేతిలో పెట్టి, "ఆదివారం వాయించి చూడండక్కా. నచ్చకపోతే సోమవారం తెచ్చియ్యండి," అన్నాడు. ఆటోలో పాత కీబోర్డు ఉంటుంది, దాని వెనక రిసీవరు, పక్కన జయపాల్. శాలిని మీటలు మెడకు వేసుకుని ముందు, దానమ్మ పక్కన నడుస్తుంది. దానమ్మ పాట ఆమెకు వినపడుతుంది, ఆమె వాయించింది స్పీకర్లలో అందరికీ వినపడుతుంది. ఆలోచన బాగానే ఉంది.

"మాస్టారూ, మీరూ రండి ఆదివారం. మీకెటూ పన్లేదుగా," అన్నాడు జయపాల్. నిజమే, లేదు.

శుక్రవారం ఇంటి ముందు సాధన చేశారట. పాడిందీ శాలినే, వాయించిందీ ఆమే. కీటార్ మెడ మీద కూడా ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, బొటనవేలికి అందేలా. ఆ పక్కనే వేలితో రాస్తే స్వరం సాగే పట్టీ ఒకటుంది. మన గొంతుల్లోని జారుడు కీబోర్డులకు ఎప్పుడూ రాలేదు, ఈ పట్టీతో కొంత వస్తుంది. శాలిని దానితో సాయంత్రమంతా ఆడుకుంది. ఏ పొరపాటూ జరగలేదు. జరగడానికి అక్కడ దానమ్మ లేదు కదా.

ఆదివారం పొద్దున్నే ఉయ్యూరులో బస్సు దిగేసరికి చర్చి ముందు జనం పోగయ్యారు. తెల్ల చీరలు, పచ్చి ఈత మట్టలు, పిల్లల చేతుల్లో ఆ మట్టలే కత్తులు. శాలిని తలమీద ముసుగు వేసుకుని, దాని మీంచి కీటార్ పట్టీ తగిలించుకుని నిలబడి ఉంది. నిలబడి అంటే, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ.

దానమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏమే అమ్మాయ్, ఇదేం వేషం? బిందె మర్చిపోయి తాడు తెచ్చుకున్నావా?"

"బిందె ఆటోలో ఉందత్తా. మా ఆయన చూసుకుంటున్నాడు."

"ఆయన చూసుకోడమేగా! చాల్లే."

పాస్టరు గారు ప్రార్థన ముగించారు. ఆమేన్ ఇంకా పూర్తి కాలేదు, దానమ్మ ఎత్తుకుంది. పండగ ఉత్సాహం కదా, శృతి మామూలుకంటే పైనుంది. శాలిని విన్నది, బొటనవేలితో రెండుసార్లు పైకి నొక్కింది, మీటల మీద చెయ్యి వేసింది.

వాయిద్యం దానమ్మకంటే పైనెక్కడో మోగింది.

ఎవరో గిల్లినట్టు దానమ్మ తల తిప్పింది. శాలిని గబగబా రెండుసార్లు కిందికి నొక్కింది. ఇప్పుడు మరీ కిందికి పడింది. మళ్ళీ పైకి. మళ్ళీ మితిమీరి పైకి. లాడ్జి వరండాలో ఎదురుపడ్డ ఇద్దరు మనుషులు దారి ఇవ్వబోయి ఇద్దరూ ఒకే పక్కకు జరిగి, మళ్ళీ ఇద్దరూ ఇంకో పక్కకు జరిగి నవ్వుకుంటారే, అచ్చం అలాగే ఉంది గాని ఇక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. మగవాళ్ళు ఏ శృతి పట్టుకోవాలో తెలియక ఒక్కొక్కరే మానేశారు. బజారు వీధిలో షట్టర్లు ఎత్తుతున్న కొట్లవాళ్ళు తలలు బయటపెట్టారు.

"ఏంటే ఇది, ఉయ్యాల ఊపుతున్నావా?" పాదానికీ పాదానికీ మధ్య దానమ్మ కసిరింది.

"నేను కాదత్తా, ఇదే!"

"ఇదే అంటే? దాన్ని మెడకేసుకుంది నువ్వేగా!"

శాలిని ముఖం పాలిపోయింది. వస్తువు పాడైందనుకుంది. రిసీవరుకు కబురు సరిగా అందడం లేదనుకుంది. నాకు సంగీతం రాదు. నేను వరసకీ ఆటోకీ మధ్య నడుస్తూ, ముందు దానమ్మ గొంతూ వెనక స్పీకర్ల మోతా ఒకదాన్నొకటి తరుముకోవడం వింటున్నాను, కారణం మాత్రం తట్టలేదు.

సిద్ధార్థ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆంటీ, బస్టాండు వచ్చేస్తోంది. ట్రాక్ వేసేస్తా."

"ఒక్క చరణం చూడు బాబూ."

"ఒక్కటే ఆంటీ. నిరుటిలాగా అయితే నేను మొహం చూపించలేను."

అతను వెనక్కి వెళ్ళి ఆటో పక్కన నిలబడ్డాడు. శాలిని ఇంకా వేగంగా నడవడం మొదలుపెట్టింది. కంగారొస్తే ఆమె అంతే, కాళ్ళు ముందు పరుగెత్తుతాయి. ఆ విసురుకి భుజాన పట్టీ జరిగింది, పట్టీతో పాటు ముసుగూ జారి వీపు మీద పడింది.

"తల!" అంది దానమ్మ. పాటలో ఉండగా ఆడదాని తల మీద ముసుగు లేకపోవడం ఆవిడ ఒప్పుకోదు. శృతి తప్పడం తర్వాతి సంగతి.

శాలిని మీటల మీంచీ బటన్ మీంచీ చేతులు తీసేసింది. ఒక చేత్తో కీటార్‌ను ఎత్తి పట్టుకుని, పిన్ను పళ్ళ మధ్య బిగించి, ఇంకో చేత్తో కొంగు లాక్కుని తల మీద వేసుకుంది. సరిగ్గా ఆ సందులో దానమ్మ తర్వాతి చరణం ఎత్తుకుంది, అలవాటు ప్రకారం కాస్త పెంచి. శాలినికి బటన్ నొక్కే వ్యవధి లేదు. ఎటూ తప్పేదే కదా అన్నట్టు ఉన్నపళంగా మీటల మీద చెయ్యి వేసింది.

కలిసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆమె నడక ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. మట్టల మీదుగా, తలల మీదుగా, ఆటోలో కీబోర్డు మీదికి వంగి ఉన్న జయపాల్ కనిపించాడు. కళ్ళు సగం మూసుకుని, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, చెవి దానమ్మ వైపు సారించి ఉన్నాడు. చూపుడువేలు ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ఉంది.

ఆమె రెండు నొక్కితే అతనూ రెండు నొక్కాడు. ఆమె దించితే అతనూ దించాడు. వేళ్ళు పంపే కబురు అప్పటికే జరిగి వస్తోంది, పెట్టె దాన్ని ఇంకోసారి జరుపుతోంది. ఇద్దరి చెవులూ సరైనవే కావడం వల్ల వచ్చిన తంటా.

"మాస్టారూ!" శాలిని నన్ను కేకేసింది. చేతులు వాయిస్తూనే ఉన్నాయి. "ఆ మనిషిని చెయ్యి తీసెయ్యమని చెప్పండి! బటన్ ముట్టుకోవద్దనండి!"

కదిలే పని ఎవరు చెప్పినా నాకు సంతోషమే. వరస పక్కనుంచి వెనక్కి పరుగులాంటి నడకతో బయల్దేరాను. సగం దూరం పోయానో లేదో మళ్ళీ కేక.

"వద్దు మాస్టారూ! వద్దొద్దు! నొక్కనివ్వండి ఆయన్ని!"

తిరిగి చూశాను. ఆమె ఎడమచేతి బొటనవేలు బటన్ మీద లేదు. కీటార్ మెడను పట్టుకున్న తీరు మారింది. ఇందాకటి నుంచి బటన్ కోసం తల దించుకుని నడుస్తున్న మనిషి ఇప్పుడు తలెత్తి దానమ్మ పెదవుల వంక చూస్తోంది. శృతి వెతికే పని అతనికి వదిలేస్తే ఆమెకు చూపు మిగిలింది, ఒక చెయ్యి మిగిలింది, కాళ్ళు మిగిలాయి. దానమ్మ చరణం చివర గొంతు కిందికి జారిస్తే శాలిని స్వరం సాగే పట్టీ మీద వేలు రాసింది. వాయిద్యం కూడా వెంట జారింది. దానమ్మ పాట ఆపకుండానే కనుబొమ్మ ఎగరేసింది.

వెనక ఆటో దగ్గర సిద్ధార్థ పెన్‌డ్రైవ్ పట్టుకుని చరణం అయ్యేదాకా ఆగాడు. చరణం అయింది. స్పీకరు వైపు చెయ్యి చాచాడు.

"అబ్బాయ్, కొంచెం పక్కకి జరుగు, నాకు దానమ్మత్త వినపడ్డంలా," అన్నాడు జయపాల్ కళ్ళు తెరవకుండా.

సిద్ధార్థ జరిగాడు. ఇంకో చరణం మొదలైంది. మానేసిన మగవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ అందుకున్నారు. బస్టాండు దగ్గరకు వచ్చేసరికి ముందు వరసలోనూ చివరి వరసలోనూ ఒకే మాట, ఒకే తాళం. బందరు బస్సు డ్రైవరు హారన్ మీద పెట్టిన చెయ్యి తీసేసి స్టీరింగు మీద తాళం వేశాడు. నవ్వుదామని నిలబడ్డవాళ్ళు ఉండొచ్చు, వాళ్ళకు అవకాశం దొరకలేదు.

శాలిని ఇప్పుడు దానమ్మ పక్కన నడవడం లేదు. ఒకసారి ముందుకెళుతుంది, వెనక్కి తిరిగి ఆడవాళ్ళకు ఎదురుగా నడుస్తుంది, పిల్లల వరసలోకి దూరి వాళ్ళ మట్టల మధ్య నుంచి ఇటు తేలుతుంది. ఎంత తిరిగినా ఒక హద్దు మాత్రం దాటదు. దూరం పెరుగుతోందనిపిస్తే ఆమే వెనక ఆటో వంక ఒకసారి చూస్తుంది.

బజారు చుట్టి, కాలవ పక్క వీధిలోంచి వరస మళ్ళీ చర్చి దగ్గరకు వచ్చింది. పాస్టరు గారు ముందే వచ్చి గేటు తెరిచి, బైబిలు చంకలో పెట్టుకుని, లోపలికి దారి చూపిస్తూ నిలబడ్డారు. ఊరేగింపు అక్కడితో ఆగాలి. పాట దించెయ్యాలి. లోపల బెంచీలు, ఎడమ మూలన కుర్చీ.

శాలిని గేటు దాటి ముందుకు వెళ్ళిపోయింది.

తర్వాత అడిగితే, దానమ్మత్త మొహమే చూస్తున్నా మాస్టారూ, గేటు కనపడలేదు అంది. పెయింటు వేసిన ఇనపగేటు, దాని మీద మనిషెత్తు శిలువ, దాని ముందు పాస్టరు గారు. కనపడలేదంటే నేను నమ్మను. దానమ్మకు మటుకు కనపడింది. ఆవిడ గేటు వంక చూసింది, శాలిని వీపు వంక చూసింది, పల్లవి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఇంకొంచెం పెంచి. ఆడవాళ్ళంతా ఆవిడ వెనక, ఆడవాళ్ళ వెనక పిల్లలు, వాళ్ళ వెనక మగవాళ్ళు.

"అమ్మా దానమ్మగారూ! ఆరాధన!" అన్నారు పాస్టరు గారు.

"ఇదేంటయ్యా మరి?" అంది దానమ్మ, నడుస్తూనే.

ఆటో డ్రైవరు గేటు దగ్గర బ్రేకు వేశాడు. "జయపాలన్నా, లోపలికా, ముందుకా?"

"ఆవిడ ఎటు పోతే అటు పోనియ్ రా! దూరమైతే తెగిపోద్ది!" జయపాల్ అరిచాడు. వేలు బటన్ మీదే ఉంది.

ఆ వీధి పోయి పోయి బందరు రోడ్డులో కలుస్తుంది. ఆదివారమైనా అక్కడ బళ్ళు ఆగవు. ఎదురుగా వరిగడ్డి ఎత్తుగా వేసుకుని ఒక ట్రాక్టరు వస్తోంది. శాలిని రోడ్డు వైపు చూడటమే లేదు, వెనక్కి నడుస్తూ పిల్లలకు తాళం అందిస్తోంది. అందరికంటే ముందు చూసినవాడు సిద్ధార్థ. పెన్‌డ్రైవ్ జేబులో పడేసి, ఒక పిల్లాడి చేతిలోని ఈత మట్ట లాక్కుని, వరసను దాటుకుని, శాలినిని దాటుకుని, రోడ్డు మధ్యకు పరుగెత్తాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో అడ్డంగా మట్ట.

"ఆపండి! ఆపండి బాబాయ్! కీబోర్డు వస్తోంది!"

ట్రాక్టరు మనిషి అతని వెనక చూశాడు. ఎక్కడా కీబోర్డు లేదు. మెడలో ఏదో వేసుకుని వెనక్కి నడుస్తూ వస్తున్న ఒక ఆడమనిషి, ఆమె మీదికి పోతున్నట్టు ఊరంత జనం.

"ఎంతసేపు బాబూ?"

"తెలీదండీ," అన్నాడు సిద్ధార్థ రొప్పుతూ. "ఆంటీ ఆగేదాకా."

ట్రాక్టరు మనిషి ఇంజను ఆపేశాడు.